చివరి ఐదు ఆటలు చూసి జాతకం చెప్పొద్దు

ఫిబ్రవరి మూడో వారం దాటిందంటే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ అభిమానుల నోట ఒకటే మాట. "నవంబరులో ఎవర్ని కొట్టారో అనవసరం, ఇప్పుడెలా ఆడుతున్నారన్నదే లెక్క." చివరి ఐదు ఆటల్లో మూడు ఓడితే సీజన్ అయిపోయిందంటారు, కోచ్‌ని మార్చాలంటారు. ఐదూ గెలిస్తే ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నమెంటులో చివరి నాలుగు జట్లు) ఖాయమంటారు. టీవీ విశ్లేషకులు చెప్పేదీ ఇదే, ఆట అయ్యాక పార్కింగ్ లాట్‌లో నిలబడి జనం చెప్పుకునేదీ ఇదే. ఎమ్మెస్‌కని వచ్చి, మొదటి చలికాలంలో స్టూడెంట్ టికెట్ మీద ఆటకి వెళ్ళి, ఆ జట్టుని సొంతం చేసుకున్న మన తెలుగు పిల్లలు కూడా ఏడాది తిరిగేసరికి ఇదే పాట అందుకుంటున్నారు.

ఈ మాట పునాదిలోనే తప్పు. పైగా దీనివల్ల దెబ్బ తినేది పందొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. అందుకే దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను.

ముందు ఆ వాదనని బలంగానే చెబుతాను. సీజన్ నవంబరు మొదట్లో మొదలవుతుంది. అప్పటికి సగం జట్టు కొత్తవాళ్ళే, ఆటగాళ్ళు కాలేజీ మారేందుకు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక మరీను. ఒకరి ఆట ఒకరికి అర్థం కావడానికే రెండు నెలలు పడుతుంది. కాబట్టి నవంబరు జట్టూ మార్చి జట్టూ ఒకటి కావు. జనవరి నుంచి కాన్ఫరెన్స్ ఆటలు, అంటే తమ సమూహంలోని కాలేజీలతో ఆడేవి. అదే ప్రత్యర్థి రెండోసారి ఎదురయ్యేసరికి మన ఎత్తులన్నీ వాళ్ళకి తెలిసిపోతాయి, అప్పుడు కూడా గెలిచేదే అసలైన జట్టు. ఇక జాతీయ టోర్నమెంటులో 68 జట్లు, ఒక్క ఆట ఓడినా ఇంటికే. కుదుటపడే వ్యవధి లేదు కాబట్టి ఊపు మీద వచ్చినవాళ్ళే నెగ్గుతారు. 2024లో యూకాన్ (కనెటికట్ యూనివర్సిటీ), 2025లో ఫ్లోరిడా తమ కాన్ఫరెన్స్ టోర్నమెంట్లు గెలిచి వచ్చి, అదే ఊపులో జాతీయ టైటిల్ కూడా కొట్టుకుపోయాయి. ఇదీ వాదన. వినడానికి నిండుగా ఉంది. ఒక్కో ముక్కా పట్టి చూస్తే ఒక్కటీ నిలవదు.

1. రికార్డు ఏం చెబుతోంది

2010 నుంచి 2025 దాకా, కోవిడ్ వల్ల రద్దయిన 2020ని పక్కన పెడితే, పదిహేను టోర్నమెంట్లు జరిగాయి. ఆ పదిహేను విజేతల్లో ఎన్ని జట్లు ముందటి ఆట గెలిచి టోర్నమెంటులో అడుగు పెట్టాయి? ఏడు. మిగిలిన ఎనిమిదీ తమ కాన్ఫరెన్స్ టోర్నమెంటులో ఓడి వచ్చినవే. 2012లో కెంటకీ, 2014లో యూకాన్, 2015లో డ్యూక్, 2016లో విలనోవా, 2017లో నార్త్ కరోలినా, 2019లో వర్జీనియా, 2021లో బేలర్, 2023లో మళ్ళీ యూకాన్. 2024, 2025 విజేతల్ని చూపించి సిద్ధాంతం కట్టినవాళ్ళు ఈ ఎనిమిదింటి పేర్లు ఎందుకు ఎత్తరు?

ఒక్క ఆట ఓడితే ఊపు పోయినట్టా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2012 కెంటకీ ఏడాది మొత్తం మీద రెండే ఓడింది, దాన్ని ఊపు లేని జట్టు అనలేం. అందుకే అసలు ఊపన్నదే లేని జట్లని తీసుకుందాం.

2014 మార్చి 8, శనివారం. రెగ్యులర్ సీజన్ ఆఖరి ఆటలో యూకాన్ లూయివిల్ చేతిలో 33 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడింది. అదే రోజు కెంటకీ ఫ్లోరిడా చేతిలో 19 పాయింట్ల తేడాతో ఓడింది. చివరి నాలుగు ఆటల్లో కెంటకీకి అది మూడో ఓటమి. ఆ రాత్రి ఈ రెండు జట్ల అభిమానులూ ఏం మాట్లాడుకుని ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. ముప్పై రోజుల తర్వాత, ఏప్రిల్ 7న, టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో జాతీయ ఫైనల్ జరిగింది. ఆడిన జట్లు ఈ రెండే. ఒకటి ఏడో సీడు, ఇంకొకటి ఎనిమిదో సీడు. యూకాన్ 60-54తో గెలిచింది.

మరి ఆ ఏడాది అందరికన్నా ఊపు మీదున్న జట్టు ఏమైంది? ఫ్లోరిడా తన కాన్ఫరెన్స్‌లో ఆడిన 18 ఆటలూ గెలిచింది, ఆ టోర్నమెంటూ గెలిచింది. ఫైనల్ ఫోర్‌కి వచ్చేసరికి వరుసగా ముప్పై విజయాలు. ఊపు సిద్ధాంతానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. సెమీఫైనల్లో యూకాన్ దాన్ని 63-53తో ఓడించింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ ముప్పై విజయాలకి ముందు ఫ్లోరిడాని చివరిగా ఓడించిందెవరు? ఈ యూకానే. 2013 డిసెంబరు 2న, యూకాన్ సొంత ఊరు స్టోర్స్‌లో, 65-64తో. ఆఖరి క్షణంలో యూకాన్ ఆటగాడు షబాజ్ నేపియర్ వేసిన షాట్ తప్పింది. ఎగిరిపడిన బంతి మళ్ళీ అతని చేతికే వచ్చింది. పట్టీ పట్టగానే మళ్ళీ వేశాడు, బజర్ మోగుతుండగా పడింది. ఈ రెండు జట్లు తలపడితే ఎలా ఉంటుందో ఆ డిసెంబరు ఆటే చూపించింది. లూయివిల్‌లో జరిగిన పరాభవం దాని గురించి ఏమీ చెప్పలేదు. "డిసెంబరులో ఎవర్ని కొట్టారో ఎవరిక్కావాలి" అన్నవాళ్ళు, సరిగ్గా పనికొచ్చే ఆ ఒక్క ఆటనీ అవతల పారేశారు.

2. ఊపు ఎప్పుడు మొదలైందో ఎవరు చెబుతారు?

ఇక్కడికొచ్చాక ఆ శిబిరం నుంచి ఒక జవాబు వస్తుంది. "2011లో యూకాన్, 2024లో ఎన్‌సీ స్టేట్ (నార్త్ కరోలినా స్టేట్) చూడండి. కాన్ఫరెన్స్ టోర్నమెంటులో ఊపందుకుని ఎక్కడిదాకా వెళ్ళాయో. అది ఊపు కాకపోతే మరేమిటి?"

ఈ రెండు ఉదాహరణలూ వాళ్ళ వాదనని నిలబెట్టవు, కూల్చేస్తాయి. 2011లో యూకాన్ కాన్ఫరెన్స్‌లో తొమ్మిది గెలిచి తొమ్మిది ఓడింది. రెగ్యులర్ సీజన్ చివరి ఐదు ఆటల్లో నాలుగు పోగొట్టుకుంది. ఆ తర్వాత ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలిచింది, జాతీయ టోర్నమెంటులో మరో ఆరు గెలిచి టైటిల్ పట్టింది. ఎన్‌సీ స్టేట్ 2024లో చివరి తొమ్మిదింటిలో ఏడు ఓడింది, అందులో ఆఖరి నాలుగూ వరుసగా. 17 విజయాలు, 14 ఓటములతో పదో సీడుగా తన కాన్ఫరెన్స్ అయిన ఏసీసీ టోర్నమెంటుకి వెళ్ళింది. రాలీ, కేరీ చుట్టుపక్కల ఉన్న మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఆ మార్చి గుర్తుండే ఉంటుంది. ఎన్‌సీ స్టేట్‌లో ఇంజనీరింగ్ చదివి అక్కడే స్థిరపడినవాళ్ళు ఎందరో.

ఏసీసీ టోర్నమెంటు మొదలయ్యే ముందురోజు, సోమవారం నాడు, "ఇప్పుడెలా ఆడుతున్నారన్నదే లెక్క" అన్న సూత్రాన్ని ఆ జట్టుకి వర్తింపజేస్తే ఏం తేలుతుంది? మంగళవారమే ఇంటికి వస్తారని. వాళ్ళు మంగళవారం నుంచి శనివారం దాకా ఐదు రోజుల్లో లూయివిల్, సిరక్యూస్, డ్యూక్, వర్జీనియా, నార్త్ కరోలినాలని ఓడించి 1987 తర్వాత మొదటిసారి ఏసీసీ టైటిల్ గెలిచారు. జాతీయ టోర్నమెంటుకి పదకొండో సీడుగా వెళ్ళి ఫైనల్ ఫోర్ చేరారు.

ఊపు సూత్రాన్ని నమ్మేవాళ్ళు చేసేది ఇది: జట్టు గెలిచాక వెనక్కి తిరిగి చూసి, మొదటి గెలుపు ఎక్కడుందో అక్కడ గీత గీసి, "ఊపు ఇక్కడ మొదలైంది" అంటారు. గీత ముందే గియ్యమంటే గియ్యలేరు. సోమవారం లేని ఊపు మంగళవారం వచ్చేదైతే, సోమవారం నాటి ఊపుని చూసి జాతకం చెప్పడమెందుకు? జరిగిపోయినదానికి పేరు పెట్టడం వేరు, జరగబోయేది చెప్పడం వేరు.

ఆ ఊపు ఎంత సన్నని దారం మీద వేలాడిందో కూడా చూడండి. వర్జీనియాతో సెమీఫైనల్లో, ఐదారు సెకన్లు మిగిలి ఉండగా, ఎన్‌సీ స్టేట్ మూడు పాయింట్లు వెనకబడి ఉంది. వర్జీనియా ఆటగాడు ఫ్రీ త్రో లైను దగ్గర నిలబడ్డాడు. అది పడితే ఆట ముగిసినట్టే. తప్పింది. ఎన్‌సీ స్టేట్ ఆటగాడు మైకేల్ ఓకానెల్ బంతి తీసుకుని సగం కోర్టు దాటి దూరం నుంచి విసిరాడు. బోర్డుకి తగిలి పడింది. 58-58. ఓవర్‌టైంలో 73-65తో గెలిచారు. ఆ ఒక్క ఫ్రీ త్రో పడి ఉంటే ఏసీసీ టైటిలూ లేదు, ఫైనల్ ఫోరూ లేదు, "ఊపు" అన్న ముచ్చటా లేదు. జట్టు మాత్రం అదే జట్టు.

3. ఎవరితో ఆడారు, ఎక్కడ ఆడారు

"చివరి ఆరింటిలో నాలుగు పోయాయి" అనేవాళ్ళు ఆ ఆరూ ఎవరితోనో చెప్పరు. సొంత కోర్టులో అడుగున ఉన్న జట్టుతో ఆడినా, మంగళవారం రాత్రి విమానమెక్కి వెళ్ళి పై జట్టుతో వాళ్ళ గడ్డ మీద ఆడినా వాళ్ళ లెక్కలో ఒకటే ఓటమి. 2025లో ఎస్ఈసీ కాన్ఫరెన్స్ నుంచి పదహారింటిలో పద్నాలుగు జట్లు జాతీయ టోర్నమెంటుకి వచ్చాయి. అలాంటి కాన్ఫరెన్స్‌లో ఫిబ్రవరిలో నాలుగు ఓడటం ఆట చెడిందనడానికి రుజువు కాదు, షెడ్యూల్ ఎంత గట్టిదో చూపించే కొలత.

జాతీయ టోర్నమెంటు ఎంపిక కమిటీ వాడే పద్ధతికే ఈ సంగతి తెలుసు. 2018-19 సీజన్ నుంచి వాడుతున్న నెట్ ర్యాంకింగులో తేదీకి విలువే లేదు. నవంబరు గెలుపూ మార్చి గెలుపూ ఒకే తూకం. స్థలానికి మాత్రం విలువుంది. సొంత కోర్టులో మొదటి 30 ర్యాంకుల్లో ఉన్న జట్టుని ఓడిస్తే ఎంతో, పరాయి కోర్టులో 75వ ర్యాంకు దాకా ఉన్న జట్టుని ఓడిస్తే అంతే, రెండూ మొదటి క్వాడ్రంట్ విజయాలే. ఎక్కడ ఆడారన్నది చూసి, ఎప్పుడు ఆడారన్నది వదిలేసింది ఆ పద్ధతి. మన అభిమానులు సరిగ్గా తిరగేసి చూస్తున్నారు. కమిటీ చివరి ఆటలకే ఎక్కువ మార్కులు వేస్తుందన్న భ్రమ ఉంటే అదీ వదిలేయాలి.

4. ఐదు ఆటలంటే ఎంత?

ఇది లెక్క, కాగితం మీద ఎవరైనా వేసుకోవచ్చు. ప్రతి ఆటలోనూ గెలిచే అవకాశం 70 శాతం ఉన్న జట్టుని తీసుకోండి. చాలా మంచి జట్టు. ఏ ఐదు ఆటలైనా ఎంచుకోండి. వాటిలో మూడో, అంతకన్నా ఎక్కువో ఓడే అవకాశం దాదాపు ఆరింట ఒకటి. దేశంలో అలాంటి మంచి జట్లు అరవై ఉంటే, ఏ లోపమూ లేకుండా, కోచ్ ఏ తప్పూ చేయకుండా, దాదాపు పది జట్లు చివరి ఐదింటిలో మూడో నాలుగో ఓడతాయి. ఆ పది ఊళ్ళలోనూ "మన జట్టుకి ఏమైంది" అన్న చర్చే నడుస్తుంది. ఏమీ కాలేదు.

త్రీ పాయింటర్లు ఈ అస్థిరతని ఇంకా పెంచాయి. 34 శాతం గురి ఉన్న జట్టు ఒక ఆటలో 25 త్రీలు వేస్తే ఎనిమిదో తొమ్మిదో పడాలి. కానీ ఒక రాత్రి ఆరు పడటం, ఇంకో రాత్రి పదకొండు పడటం మామూలే. ఆ తేడా పదిహేను పాయింట్లు. చేతులు అవే, గురి అదే. ఆరు పడిన రాత్రి "మనసు పెట్టి ఆడలేదు" అంటారు, పదకొండు పడిన రాత్రి "పట్టుదల చూశారా" అంటారు.

2023 మార్చి ఇంకా సూటిగా చెబుతుంది. 10వ తేదీన బిగ్ ఈస్ట్ సెమీఫైనల్లో యూకాన్ మార్కెట్ (Marquette) యూనివర్సిటీ జట్టు చేతిలో 70-68తో ఓడింది. రెండు రోజుల తర్వాత పర్డ్యూ 67-65తో పెన్ స్టేట్‌ని ఓడించి బిగ్ టెన్ టోర్నమెంటు గెలిచింది. ఒకటి రెండు పాయింట్లతో ఓడింది, ఇంకొకటి రెండు పాయింట్లతో గెలిచింది. ఊపు సూత్రం ప్రకారం పర్డ్యూ మీద పందెం కాయాలి. అదే నెల 17న కొలంబస్‌లో పర్డ్యూ పదహారో సీడైన ఫెయిర్‌లీ డికిన్సన్ చేతిలో 63-58తో ఓడింది. ఆ ఫెయిర్‌లీ డికిన్సన్ తన కాన్ఫరెన్స్ ఫైనల్ ఒక్క పాయింటుతో ఓడిన జట్టు. గెలిచిన మెరిమాక్‌కి అర్హత లేకపోవడం వల్ల వీళ్ళకి చోటు దొరికింది. సగటు ఎత్తులో దేశం మొత్తం మీద అందరికన్నా పొట్టి జట్టు, ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ ఉన్న పర్డ్యూని ఓడించింది. యూకాన్ ఆరు ఆటలూ పది పాయింట్లకి తక్కువ కాకుండా గెలిచి టైటిల్ తీసుకుంది.

5. ధైర్యం సంగతి

"లెక్కలు సరే, పిల్లల ఆత్మవిశ్వాసం మాటేమిటి? వరుసగా ఓడితే మనసు విరగదా?" ఈ వాదనలో ప్రేమ ఉంది, అందుకే దీనికి జవాబు జాగ్రత్తగా చెప్పాలి. మనసు బాధపడుతుంది. అంతవరకు నిజం. ఆ బాధ తర్వాతి ఆట ఫలితాన్ని రాసేస్తుందన్నది నిజం కాదు.

2018లో వర్జీనియా 31 గెలిచి, రెండే ఓడి, ఏసీసీ టోర్నమెంటు గెలిచి, మొత్తం టోర్నమెంటులో మొదటి సీడుగా వచ్చింది. అంతకన్నా ఆత్మవిశ్వాసం ఏ జట్టుకుంటుంది? మొదటి ఆటలోనే పదహారో సీడు యూఎంబీసీ 74-54తో ఓడించింది. పురుషుల టోర్నమెంటులో ఒకటో సీడు పదహారో సీడు చేతిలో ఓడటం అదే మొదలు. మరుసటి ఏడాది ఆ పిల్లల్లో చాలామంది మళ్ళీ వచ్చారు. ఏసీసీ సెమీఫైనల్లో ఫ్లోరిడా స్టేట్ చేతిలో ఓడి మరీ వచ్చారు. మొదటి ఆటలో పదహారో సీడు గార్డ్‌నర్-వెబ్ మీద ఒక దశలో 14 పాయింట్లు వెనకబడ్డారు. ఓటమి మనసుని తినేసేదైతే తినేయాల్సిన క్షణం అదే. 71-56తో గెలిచారు. ఫైనల్ ఫోర్‌లో ఆబర్న్ మీద రెండు పాయింట్లు వెనకబడి, 0.6 సెకన్లు మిగిలి ఉండగా కైల్ గై లైను దగ్గర నిలబడి మూడు ఫ్రీ త్రోలూ వేశాడు. 63-62. రెండు రోజుల తర్వాత టైటిల్ గెలిచారు.

మనకి దగ్గరి ఉదాహరణ కావాలంటే 2016 ఐపీఎల్ ఉంది. సన్‌రైజర్స్ హైదరాబాద్ లీగ్ దశలో చివరి రెండు మ్యాచ్‌లూ ఓడి ప్లే ఆఫ్‌కి వచ్చింది. కోహ్లీ 973 పరుగుల జోరులో బెంగళూరు వరుస విజయాలతో ఫైనల్‌కి వచ్చింది. కప్పు హైదరాబాద్ వచ్చింది.

6. చూడాల్సింది ఒకటుంది

చివరి వారాల్లో ఏదీ పట్టించుకోవద్దని నేననడం లేదు. గాయాలు పట్టించుకోండి. 2000 మార్చిలో దేశంలో ఒకటో ర్యాంకులో ఉన్న సిన్సినాటి జట్టులో కెన్యన్ మార్టిన్ కాలు కాన్ఫరెన్స్ టోర్నమెంటులో విరిగింది. కమిటీ ఆ జట్టుకి రెండో సీడే ఇచ్చింది, వాళ్ళు రెండో రౌండులో టల్సా చేతిలో ఓడారు. 2018 వర్జీనియాకి కూడా టోర్నమెంటు ముందు డిఆండ్రే హంటర్ మణికట్టు విరిగి దూరమయ్యాడు. వీటికి పేరు పెట్టి చూపించగల కారణం ఉంది. కారణం చూపించలేక "ఫామ్ పోయింది" అనడానికీ దీనికీ పోలికే లేదు.

7. ఈ అభిప్రాయం ఎవర్ని కొడుతోంది

ఇది అభిమానుల కాలక్షేపంతో పోయేదైతే ఇంత రాయనక్కర్లేదు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాలు క్రీడల పందేలకి తలుపులు తెరిచాక, ఫిబ్రవరిలో ఒక ఫ్రీ త్రో తప్పిన పిల్లాడి ఫోనుకి వచ్చే తిట్లలో పందెం పోగొట్టుకున్నవాళ్ళ తిట్లు కూడా చేరాయి. "చివర్లో చేతులెత్తేశాడు" అన్న ముద్ర వేస్తున్నాం. రెండో ఏడాది చదువుతున్న కుర్రాడికి ఐదు ఆటల ఆధారంగా వేసే ముద్ర అది. ఆ ముద్ర అతని వెంట పోర్టల్‌లోకీ వెళ్తుంది, తర్వాతి కాలేజీకీ వెళ్తుంది.

కోచ్‌ల సంగతీ అంతే. 2024 మార్చి మొదట్లో ఎన్‌సీ స్టేట్ కోచ్ కెవిన్ కీట్స్‌ని పంపించేయాలన్న మాట బలంగా వినిపించింది. రెండు వారాలకి ఆయనే హీరో. మరుసటి సీజన్ 12 గెలుపులు, 19 ఓటములతో ముగిసింది, 2025 మార్చిలో తొలగించారు. ఆ నాలుగు ఓటములు చూసి ఆయన పనికిరాడని తేల్చిందీ, ఆ తర్వాతి విజయాలు చూసి ఇక తిరుగులేదని తేల్చిందీ ఒకే చూపు. రెండుసార్లూ అది తప్పింది. మంచి కోచా కాదా అన్నది తేలాలంటే ఏళ్ళ ఆట చూడాలి. అంత ఓపిక లేకపోతే తీర్పు చెప్పే పని పెట్టుకోకూడదు.

కాబట్టి నా మాట ఇది. జట్టుని అంచనా వేయాలంటే నవంబరు నుంచి ఆడిన ముప్పై ఆటలూ ముందు పెట్టుకోండి. ఎంత తేడాతో గెలిచారో, ఎవరి కోర్టులో ఆడారో, ఎవరు గాయపడి కూర్చున్నారో చూడండి. చివరి ఐదు ఆటలకి ముప్పైలో ఐదు వంతులే ఇవ్వండి. అంతకన్నా ఒక్క వంతు ఎక్కువ ఇచ్చే హక్కు మనకి లేదు.

మార్చి మొదటి వారంలో మీ కాలేజీలో ఆఖరి హోమ్ గేమ్ ఉంటుంది. ఆ రాత్రి సీనియర్లని వాళ్ళ అమ్మానాన్నలతో పాటు కోర్టు మధ్యకి పిలిచి నిలబెడతారు. జట్టు వరుసగా నాలుగు ఓడి వచ్చినా సరే, టికెట్ ఎవరికో ఇచ్చేసి ఇంట్లో కూర్చోకండి. వెళ్ళి అరవండి.